చెవిలో చెప్పే పెట్టె

మితేష్ తెల్లపెట్టెను బల్ల మీద పెట్టగానే బుచ్చిరాములు దాన్ని తిప్పి వెనకవైపు చూశాడు. స్క్రూలు ఉన్నాయి. కానీ ప్రతి స్క్రూ మీదా వెండిరంగు స్టిక్కరు ఒకటి, చించితే వారంటీ పోతుందని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంది. పెట్టె మొత్తం మీద చదవడానికి ఉన్న అక్షరాలు అవే.

అది సూరత్ రింగురోడ్డు బట్టల మార్కెట్‌లో ఐదో అంతస్తు, కాంతిభాయ్ చీరల ఆఫీసు. పన్నెండు టేబుళ్లు, పన్నెండు ఫోన్లు. వరంగల్ నుంచో కరీంనగర్ నుంచో దుకాణం వాళ్లు ఫోన్ చేస్తే తెలుగు టేబులు మోగాలి, కోయంబత్తూరు నుంచి వస్తే తమిళం టేబులు, నాగ్‌పూర్ నుంచి వస్తే మరాఠీ టేబులు. ఇంటర్నెట్ తీగ మీద వచ్చే పిలుపుల్ని ఇలా పంచిపెట్టే యంత్రం నాలుగేళ్లుగా బుచ్చిరాములు కాళ్ల దగ్గరే ఉంది. అదొక పాత కంప్యూటరు. పక్క మూత ఊడిపోతే అట్టముక్క కట్టాడు. అందులోని సాఫ్ట్‌వేరు ఎవరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి, తెరిచి చూసుకోండి, మార్చుకోండి, వాడుకోండి అని ఊరికే వదిలేసిన సరుకు. ఓపెన్ సోర్సు అంటారు. వచ్చిన ప్రతి ఫోన్ గురించీ అది నల్లతెర మీద వరుసలు వరుసలుగా రాసుకుంటూ పోతుంది. ఎవరు పిలిచారు, ఎవరు ఎత్తారు, మాట మధ్యలో ఎందుకు తెగింది, అన్నీ అందులో ఉంటాయి. అర్థం కానిది ఏదైనా ఉంటే ఇంటర్నెట్‌లో రాసి అడగొచ్చు. ఎవరో ఒకరు రాసి జవాబిస్తారు. ఫోన్ చేయమని ఎవరూ అనరు.

బుచ్చిరాములుకు కావలసింది ఆ రాతే. ఎందుకంటే అతనికి చెవులు వినపడవు.

ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో కాస్త మిగిలింది, ఎదుటి మనిషి గొంతు గోడ అవతలి నుంచి వచ్చినట్టు వస్తుంది. ఫోన్‌లో అయితే అదీ లేదు, ఒట్టి గుర్రు. సూరత్ బయట జోల్వాలో పదకొండేళ్లు సాంచలు నడిపిన మనిషికి ఇంతకంటే ఏం మిగులుతుంది? మరమగ్గాలను అతని ఊరివాళ్లు సాంచలంటారు. షెడ్డులో వంద సాంచలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్కవాడి కేక కూడా వినపడదు కాబట్టి అక్కడ పనిచేసేవాళ్లు పెదవులు చూసి మాట తెలుసుకుంటారు. ఆ విద్యే ఈ ఏసీ గదిలో అతన్ని కాపాడుతూ వచ్చింది. ఫోన్లు చూసుకునేవాడు చెవిటివాడని తెలిస్తే కాంతిభాయ్ సేఠ్ ఒక్క పూట ఉంచుకోడు. మళ్లీ జోల్వా పోవాలి, మిగిలిన ఆ కాస్త చెవీ అక్కడే వదిలేసి రావాలి. ఈ భయం ఇంట్లో భార్య జమునకు తెలుసు, ఆఫీసులో తెలుగు టేబులు నవతకు తెలుసు. మూడో మనిషికి తెలియదని అతని నమ్మకం.

మితేష్ ఈ కొత్త పెట్టె అమ్మే కంపెనీ మనిషి. కుర్రవాడు, చురుకైనవాడు, మాట్లాడుతూ మాట్లాడుతూ తెర వైపు తిరిగిపోతాడు. అతని నోరు ఎటు తిరిగితే అటు బుచ్చిరాములు బల్ల చుట్టూ జరుగుతున్నాడు.

"ఆ నల్లతెర గొడవ ఇందులో లేదు సేఠ్‌జీ" అన్నాడు మితేష్ హిందీలో. "ఏ లైనైనా ఆగితే ఈ పెట్టే మీకు ఫోన్ చేసి చెబుతుంది. ఒకటి నొక్కాలా రెండు నొక్కాలా అదే అడుగుతుంది. సాయం కావాలంటే మా హెల్ప్‌లైనుతో మాట్లాడాలి, అంతే. రాతాకోతా ఏమీ లేదు. చిన్నపిల్లలు కూడా నడపగలరు."

నిజమే. చిన్నపిల్లలకు చెవులుంటాయి.

"పాతదాన్ని మనమే ఇప్పి బాగుచేసుకుంటం గద సేఠ్‌జీ" అన్నాడు బుచ్చిరాములు తన హిందీలో.

కాంతిభాయ్‌లో ఒక మంచి గుణం ఉంది. మాట్లాడేటప్పుడు ఎదురుగా నిలబడి, మొహం నిండా వెలుతురు పడేలా చూసుకుని, తొందర లేకుండా మాట్లాడతాడు. అది పెద్దమనిషి లక్షణమని బుచ్చిరాములు జమునతో ఎన్నోసార్లు అన్నాడు. ఇప్పుడూ సేఠ్ అలాగే వచ్చి నిలబడ్డాడు. "రాముభాయ్, ఊరికే వచ్చినదానికి జవాబుదారీ ఎవరు? రేపు నీకు జ్వరమొస్తే నేనెవరి మొహం చూడను? మార్కెట్‌లో అందరి దగ్గరా ఇదే ఉంది."

 జ్వరం బుచ్చిరాములుకూ వస్తుంది.

స్వాగతం పలికే కొత్త గొంతు వినిపిస్తానని మితేష్ ఏదో నొక్కాడు. అందరూ తలలు వంచారు. బుచ్చిరాములు అలవాటు కొద్దీ అరచెయ్యి బల్ల మీద ఆనించాడు. సాంచ సరిగ్గా నడుస్తోందో లేదో చట్రం మీద చెయ్యి వేస్తే చెబుతుంది. బల్ల సన్నగా అదురుతోంది. "బాగుంది" అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు. ఎదురు టేబులు నుంచి నవత పెదవులు మాత్రం కదిపింది, గొంతు లేకుండా. "ఇంకా షురూ కాలే అన్నా." అదురు కింది అంతస్తులో మూటలు కట్టే మిషనుది.

"డబ్బా బాగుందంటున్నా" అని నవ్వేశాడు. వాళ్లూ నవ్వారు. నవత తండ్రి సోమలింగం కూడా జోల్వాలో సాంచల మీదే పనిచేశాడు. సద్దిగిన్నె పట్టుకుని షెడ్డుకు పోతూ వస్తూ ఆ పిల్ల పెదవుల మాట నేర్చుకుంది. ఆ పిల్లే లేకపోతే తన బతుకు ఎప్పుడో బజారున పడేదని బుచ్చిరాములుకు బాగా తెలుసు.

చివర్లో మితేష్ అడ్మిన్ నంబరు అడిగాడు. పెట్టె ఫోన్ చేసి చెప్పేది ఆ నంబరుకే. నవత నంబరు ఇద్దామని బుచ్చిరాములు నోరు తెరిచేలోపే సేఠ్ అతని నంబరు చెప్పేశాడు.

శనివారం సాయంత్రం పాత కంప్యూటరు తీగలు పీకేశారు. దాని పంకా ఆగిన సంగతి బుచ్చిరాములుకు పాదం చెప్పింది. నాలుగేళ్లుగా కుడి పాదం దానికి ఆనించి కూర్చోవడం అలవాటు. ఆ సన్నటి వణుకు ఆగిపోయాక ఏం తోచక కాలు వెనక్కి తీసుకున్నాడు.

తెల్లపెట్టెను మొదటిసారి వెలిగించినప్పుడు మితేష్ దానికో తెర తగిలించాడు. ఓ పది సెకన్లు తెర నల్లబడింది. తెల్లటి వరుసలు గబగబా పైకి పాకాయి. బుచ్చిరాములు ముందుకు వంగాడు. అవే పేర్లు, అదే క్రమం, తను రోజూ చదివే వరుసలే. రైల్వేస్టేషను జనంలో మన ఊరి మనిషిని నడకబట్టి పోల్చుకున్నట్టు పోల్చుకున్నాడు. అంతలోనే కంపెనీ బొమ్మ వచ్చి తెరంతా కప్పేసింది.

"లోపలున్నది మా ఓపెన్ సోర్సే గద భాయ్?"

మితేష్ సేఠ్ గది వైపు ఒకసారి చూసి ఇటు తిరిగాడు. "లోపల ఏముంటే మీకెందుకు రాముభాయ్? తాళం మాది."

అబద్ధం చెప్పనందుకు ఆ కుర్రవాడి మీద బుచ్చిరాములుకు కోపం రాలేదు. కానీ ఇంటికి పోతుంటే, షేర్ ఆటోలో ఉధ్నా దాటేదాకా, ఆ పది సెకన్ల వరుసలే కళ్లముందు పాకాయి. తన చేతి కింద పెరిగినదాన్ని అద్దం పెట్టెలో పెట్టి చూపించి తలుపు మూసినట్టనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం భేస్తాన్‌లో వాళ్ల గది నిండా చీర పరిచి ఉంది. జమున అంచు వెంట గమ్ము చుక్కలు పెట్టుకుంటూ, ఆరేలోపు ఒక్కో చుక్క మీద ఒక్కో రాయి అంటిస్తోంది. బుచ్చిరాములు రాళ్లు రంగులవారీగా ఏరుతున్నాడు. నాలుగు గంటలప్పుడు చొక్కా జేబులో ఫోన్ వణికింది. చూస్తే తెల్లపెట్టె నంబరు.

మామూలుగా ఎవరు ఫోన్ చేసినా అతనికో పద్ధతి ఉంది. ఎత్తి "హా జీ, హా జీ" అని రెండుసార్లు అని పెట్టేసి, పనిలో ఉన్నాను, రాసి పంపండి అని మెసేజ్ పెడతాడు. మనుషులు రాసి పంపుతారు. పెట్టెకు మెసేజ్ పెట్టే దారి లేదు.

"హా జీ, హా జీ" అన్నాడు ముందు. తర్వాత ఫోన్‌ను జమున చెవికి ఆనించాడు. ఆమె రెండు చేతులకూ గమ్ము. "ఏమంటాందే?"

"ఎవలో ఆడామె. ఇంగ్లీషుల మాట్లాడుతాంది."

"ఏమని?"

"ఇంగ్లీషొస్తె నేను గీ రాళ్లెందుకు అంటిస్త? వన్ అన్నది, టూ అన్నది. నాకెర్కైనయి గవే. అగో, మల్ల మొదటికెల్లి చెప్తాంది."

బుచ్చిరాములు ఇంగ్లీషు కంటితో చదవగలడు. జమున చెవితో వినగలదు. ఆ రెండూ ఒక మనిషిలో ఉంటే సరిపోయేది. ఆఫీసుకు పోదామా అంటే ఆదివారం షట్టరు తెరవరు. పాత యంత్రమే అయితే ఇక్కడ కూర్చునే ఈ ఫోన్ తెర మీద వరుసలు చదివి, ఏ లైను ఆగిందో చూసి సరిచేసేవాడు. ఇప్పుడు భార్యాభర్తలు ఇద్దరూ కలిసి ఒక పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడినట్టయింది.

"ఏం జేద్దామే జమునా? ఒకటా, రెండా?"

"ఒకటి నొక్కు. ఏ పనికైనా ముందుగాల ఒకటే గద."

ఆ మాట సబబుగానే తోచింది. నువ్వే నొక్కు అన్నట్టు ఫోన్ ముందుకు చాపితే, ఆమె గమ్ము అంటని చిటికెన వేలుతో ఒకటి నొక్కింది. "ఊకున్నది" అంది కాసేపు విని. మళ్లీ ఎందుకైనా మంచిదని బుచ్చిరాములు ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఎవరో పెద్దమనిషితో అన్నట్టు, "హా జీ" అన్నాడు. ఇద్దరికీ బరువు దిగింది. ఫోన్ వెనకాల ఒక ఎర్రరాయి అంటుకుపోయి ఉంటే గోరుతో గీకి చూసి, రాకపోతే వదిలేశాడు.

సోమవారం పొద్దున తేడా అతనికి వెంటనే తెలియలేదు. బతుకమ్మ ఇంకా మూడు వారాలుంది, ఈ రోజుల్లో పది గంటలకల్లా ఆఫీసు సంతలా ఉండాలి. అతనికి ఎప్పుడూ ఉండే నిశ్శబ్దమే కాబట్టి తన పని తను చూసుకుంటున్నాడు. తల ఎత్తేసరికి పన్నెండు టేబుళ్ల వాళ్లూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క పెదవీ కదలడం లేదు. సాంచలన్నీ ఒక్కసారి ఆగిన షెడ్డులాగా ఉంది.

కాంతిభాయ్ గదిలోంచి తన మొబైల్ పట్టుకుని వచ్చాడు. వరంగల్ దుకాణం వాళ్లు నేరుగా అతనికే చేశారట, గంట నుంచి ఎవరూ ఎత్తడం లేదేమిటని. "రాముభాయ్, హెల్ప్‌లైనుకు మాట్లాడు."

హెల్ప్‌లైను వాళ్లు అడ్మిన్ గొంతుతో తప్ప మాట్లాడరు. బుచ్చిరాములు రిసీవరు కుడి చెవికి పెట్టుకున్నాడు. గుర్రు. ఎదురు టేబులు దగ్గర నవత అదే లైను తన హెడ్‌ఫోనులోకి తెచ్చుకుని, అతని కళ్లలోకి చూసి పెదవులు కదపడం మొదలుపెట్టింది.

"పేరు అడుగుతాండు."

చెప్పాడు. మధ్యలో సాంచలున్నట్టు కేక వేసి చెప్పాడు. కుర్చీలు తిరిగాయి.

"మెల్లగ అన్నా. కస్టమర్ నంబర్ అడుగుతాండు. బిల్లు మీద ఉంటదట."

చెప్పాడు. ఒక ప్రశ్న, ఒక జవాబు. ఇంకో ప్రశ్న, ఇంకో జవాబు. ఆమె పెదవులు, అతని గొంతు కలిసి ఒక మనిషయ్యాయి. ఇలాగైనా నెట్టుకురావచ్చని ఒక్క నిమిషం ఆశ కూడా పుట్టింది. అప్పుడు నవత పెదవులు ఆగిపోయాయి.

ఏమన్నాడన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. ఆమె తల దించుకుంది. కాంతిభాయ్ చెయ్యి చాపి ఫోన్ మీద స్పీకరు మీట నొక్కాడు.

ఏం వినపడుతోందో బుచ్చిరాములుకు తెలియదు. మొహాలు మాత్రం కనపడుతున్నాయి. తమిళం టేబులు అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. మరాఠీ టేబులతను నవ్వబోయి మానేశాడు. ఒకరిద్దరు అతని వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నారు. అంతమంది వింటున్నది ఏమిటో అర్థం కాక, రిసీవరు చెవికి పెట్టుకునే నిలబడ్డాడు.

"చెప్పు చెల్లె" అన్నాడు నవతతో. పైకే అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని, ఒక్కో మాటా విడదీసి పెదవుల మీద పెట్టింది. "నీ గొంతే అన్నా. నిన్నటిది రికార్డ్ జేసిండ్రు. హా జీ, హా జీ అంటున్నవు. జమునక్కను ఏమంటాందని అడుగుతున్నవు. ఒకటా రెండా అంటున్నవు. ఒకటంటే, కంపెనీవాళ్లు చూసేదాక వచ్చే లైన్లన్నీ బంద్ పెట్టుమని."

పాత యంత్రం రాసిన ప్రతి వరుసా అతను చదివాడు. ఈ పెట్టె కూడా అన్నీ రాసుకుంటుంది, దాచుకుంటుంది, అందరికీ వినిపిస్తుంది. తనకు తప్ప.

పది నిమిషాల్లో లైన్లు వచ్చాయి. ఆ సంగతి టేబుళ్ల దగ్గర పెదవులు కదలడంతో తెలిసింది.

సేఠ్ గదిలోకి పిలిచి తలుపు మూశాడు. చాయ్ తెప్పించాడు. బుచ్చిరాములు కూర్చోలేదు. దారిలో కూడబలుక్కున్న మాట ఒకటే ఉంది, అదే మొదలుపెట్టాడు. "సేఠ్‌జీ, నాకు చెవి జర తక్కువ..."

"కూర్చో." కాంతిభాయ్ ఎప్పటిలాగే కిటికీ వెలుతురు మొహాన పడేలా తిరిగాడు. "నువ్వు చేరిన మొదటి వారమే తెలుసు నాకు. అందరూ మూతులకు మాస్కులు కట్టుకున్న రోజులు కదా. ఏం చెప్పినా రాసివ్వండి అనేవాడివి. నేను మాస్కు కిందికి లాగి చెబితే మాత్రం రాసివ్వమనలేదు."

బుచ్చిరాములు కుర్చీ లాక్కున్నాడు. కూర్చున్నాడు. "తెలిసి పెట్టుకున్నరా?"

"తెలిసే. నీకు ముందు ముగ్గురొచ్చారు, పని నేర్చుకోగానే పోయారు. చెవులున్నవాడు ఆగడు రాముభాయ్. నువ్వెక్కడికి పోతావు?" ఈ మాట ద్వేషంతో అనలేదు, వెక్కిరింతా కాదు. రంగు దిగని బట్టను మెచ్చుకున్నట్టు అన్నాడు. "దీన్నీ ఎలాగో నెట్టుకొస్తావనుకుని నీ నంబరే ఇచ్చాను. భయపడకు. రేపటి నుంచి పెట్టె ఫోన్ నవతకు వెళుతుంది, ఆమె నీ పక్కన కూర్చుంటుంది. నీ చోటు నీదే. కంపెనీతో మూడేళ్లకు సంతకం పెట్టాను, నేనూ ఎక్కడికీ పోలేనులే."

చాయ్ చల్లారిపోతోంది. సేఠ్ మొహంలో మొహం పెట్టి మాట్లాడటాన్ని పెద్దమనిషి లక్షణమనుకున్న నాలుగేళ్లూ బుచ్చిరాములుకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తల ఎత్తితే చెవుల సంగతి బయటపడుతుందని ఏ దీపావళికీ జీతం సంగతి అడగలేదు. సెలవు అడగలేదు. అమ్రోలిలో నవత బావ శివకృష్ణ ఎంబ్రాయిడరీ కార్ఖానా పెట్టాడు, ఇలాంటి ఫోన్ల యంత్రం పెట్టివ్వమంటున్నాడని ఆ పిల్ల రెండుసార్లు అడిగితే, కొత్తవాళ్ల దగ్గర మళ్లీ మొదటి నుంచి దాచలేక రెండుసార్లూ వద్దన్నాడు. దాచి దాచి ఒళ్లు హూనం చేసుకున్నది దేనికి? తెలిసినవాడే కట్టేశాడు, ఆ కట్టు ఊడకుండా తనే కాపలా కాశాడు. సిగ్గు పోయి కోపం వచ్చింది. ఆ కోపంతోపాటు, ఎన్నాళ్లనుంచో మోస్తున్న మూట ఏదో దిగిపోయిన తేలిక కూడా తెలిసింది.

"సేఠ్‌జీ, ఆ పాత డబ్బా నాకిస్తరా?"

కాంతిభాయ్ ఇంకేదో అడుగుతాడనుకున్నట్టున్నాడు. నవ్వాడు. "తీసుకుపో. ఊరికే వచ్చింది, ఊరికే పోనీ."

"బుధవారం ఛుట్టీ గూడ కావాలె. దవాఖాన్ల చెవులు చూపిచ్చుకోవాలె."

ఈసారి సేఠ్ నవ్వలేదు. ఇప్పుడెందుకని అడిగాడు. బుచ్చిరాములు అతని పెదవుల మీంచి చూపు తీసేసి లేచి నిలబడ్డాడు. నాలుగేళ్లలో ఆ గదిలో ఒక మాటను కావాలని వినకుండా వదిలేయడం అదే మొదలు.

సాయంత్రం అట్టముక్క కట్టిన కంప్యూటరును రెండు చేతులా ఎత్తుకుని లిఫ్టు దగ్గర నిలబడితే నవత వచ్చి తీగల సంచీ అందుకుంది.

"మాఫ్ చెయ్యి అన్నా. నీ గొంతు ఇనంగనే నాకు నోరు రాలే."

"నువ్వేం జేసినవ్ చెల్లె. మీ శివకృష్ణ బావ ఇంకా అడుగుతాండా?"

"అడుగుతనే ఉన్నడు."

"అయితె ముందుగాల నాకు ఇనరాదని చెప్పు. తర్వాత పని సంగతి."

"చెప్త. ఏమంటడో తెల్వదు మరి."

"ఏమన్నా గానీ. చెప్పు."

బుధవారం పెద్ద దవాఖానలో వరుసలో మూడు గంటలు నిలబడ్డాక లోపలికి పిలిచారు. చెవులు పరీక్ష చేసేది గదిలో గది. గోడలకు మెత్తటి గుడ్డ, మందపాటి తలుపు, ఒక చిన్న అద్దం. అద్దం అవతల పరీక్ష చేసే మనిషి కూర్చునే చోటు. చెవులకు హెడ్‌ఫోను తగిలించి చేతికి ఒక మీట ఇచ్చి, చప్పుడు వినపడ్డప్పుడల్లా నొక్కమని సైగ చేసి ఆ మనిషి అవతలికి పోయి కూర్చున్నాడు.

అద్దంలోంచి అతని చెయ్యి కనపడుతోంది. చప్పుడు పంపే ముందు అతని బొటనవేలు కొద్దిగా కిందికి వంగుతుంది. రెండుసార్లు వంగేసరికే బుచ్చిరాములుకు లెక్క దొరికిపోయింది. ఆ వేలు చూస్తూ నొక్కుకుంటూ పోతే సూరత్ మొత్తంలో తనంత మంచి చెవులు ఎవరికీ ఉండవు. ఇన్నేళ్లు బతికింది ఈ విద్యతోనే. చెయ్యి దానంతటదే మీట మీదికి పోయింది.

కళ్లు మూసుకున్నాడు.

చీకటి, దాంట్లో ఏమీ లేదు. చాలాసేపటికి ఎక్కడో అడుగున ఒక లావాటి చప్పుడు వచ్చింది, నొక్కాడు. మళ్లీ ఏమీ లేదు. తర్వాత ఇంకొకటి వచ్చిందో, వచ్చిందనిపించిందో తెలియలేదు. తెలియనిదానికి నొక్కలేదు. మూసిన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

తలుపు తీసి ఆ మనిషి భుజం తట్టాడు. కాగితం చేతిలో పెట్టాడు. గళ్ల మీద రెండు గీతలు. ఎడమ చెవి గీత మొదటి నుంచీ కాగితం అడుగునే పాకుతోంది. కుడిది కొంతదూరం నడిచి, ఒకచోట గోతిలో పడ్డట్టు పడింది. నాలుగేళ్లు ఊరందరి ఫోన్ల వరుసలు చదివిన మనిషి, తన సొంత వరుస మొదటిసారి చదువుకున్నాడు.

"ఏం పని చేస్తారు?" అన్నాడతను హిందీలో, కాగితం మీద ఖాళీ గడి చూపిస్తూ. జవాబు విని పెన్ను ఆపాడు. "ఫోన్ల పనా? ఇలాంటి కాగితం ఎవరైనా చూస్తే మీకు ఇబ్బంది కదా. సంఖ్యలు ఇలాగే ఉంటాయి, కింద పనీ, కారణమూ రాయకుండా వదిలేయమంటారా?"

"వద్దు సార్, రాయుండ్రి. జోల్వాల పదకొండేండ్లు సాంచలు నడిపిండని రాయుండ్రి." బుచ్చిరాములు గొంతు మామూలుగానే పెద్దది, బయట వరుసలో ఉన్నవాళ్లు కూడా తొంగి చూశారు. "ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి. రాస్తేనే నేను చదువుత."